బడ్జెట్ ఎలక్ట్రిక్ గిటార్ బిల్డ్ క్వాలిటీ: స్క్రూడ్రైవర్‌తో పోని లోపాలే అసలు లోపాలు

పది వేల రూపాయల ఎలక్ట్రిక్ గిటార్ల రివ్యూలు ఈ మధ్య చాలా చూశాను. దాదాపు అన్నీ ఒకేలా నడుస్తాయి. బాక్స్ ఓపెన్ చేస్తారు. బాడీ ఫినిష్ మీద కెమెరా మెల్లగా తిప్పుతారు. ఆంప్‌కి కనెక్ట్ చేసి నాలుగు రిఫ్‌లు వాయిస్తారు. చివర్లో "ఈ రేటుకి బిల్డ్ సూపర్" అనో, "బజ్ వస్తోంది, తీగలు ఎత్తుగా ఉన్నాయి, బిల్డ్ బాలేదు" అనో తేల్చేస్తారు.

నా లెక్కలో ఈ రెండు తీర్పులకూ విలువ లేదు. మొదటిది పెయింట్‌కి ఇచ్చిన మార్కులు. రెండోది అలెన్ కీతో పది నిమిషాల్లో పోయేదాన్ని లోపం అనడం. బడ్జెట్ గిటార్ విషయంలో బిల్డ్ క్వాలిటీ అంటే ఒకే ఒక్క ప్రశ్న: దీనిలో కనిపించిన తేడాని ఇంట్లో కూర్చుని సరిచేసుకోగలమా, లేదా? సరిచేసుకోగలిగితే అది సెటప్ సమస్య. లేకపోతే అదీ బిల్డ్ లోపం.

ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది కొత్తగా కొన్నవాళ్లే. మా భోగాపురంలో ఓ డిగ్రీ కుర్రాడు డబ్బులు దాచుకుని ఆన్‌లైన్‌లో గిటార్ తెప్పించుకున్నాడు. రెండు వారాలకి నన్ను అడిగిన మొదటి మాట, "ఏళ్లు ఇంత నొప్పెడతాయేటి అన్నియ్యా? నాకు సంగీతం రాదేటో!" సమస్య వాడి వేళ్లలో లేదు. 12వ ఫ్రెట్ దగ్గర తీగలు 3 మిల్లీమీటర్లకు పైన ఉన్నాయి. మూడు ఫ్రెట్లు మిగతావాటికంటే లేచి ఉన్నాయి కూడా. మొదటిదాన్ని దించగలిగాను. రెండోదానికి నా దగ్గర మందు లేదు. అప్పటికి రిటర్న్ గడువు అయిపోయింది.

ఫోన్ రివ్యూ పద్ధతి ఇక్కడ పనిచేయదు

మనం ఫోన్లను చూసే అలవాటుతోనే గిటార్‌నీ చూస్తున్నాం. ఫోన్‌కి అది సరిపోతుంది. ఫ్రేమ్ అల్యూమినియమా ప్లాస్టిక్కా, గ్లాస్ ఏది, ఐపీ రేటింగ్ ఎంత అని చూస్తే చాలావరకు విషయం తెలిసిపోతుంది. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో ఫోన్ అలాగే ఉంటుంది. మనం అడ్జస్ట్ చేసేది ఏమీ లేదు.

గిటార్ అలా కాదు. 2014లో ఐఫోన్ 6 ప్లస్ జేబులో వంగిపోతోందని ఎంత గొడవ జరిగిందో గుర్తుందిగా? అప్పటినుంచి బెండ్ టెస్ట్ లేకుండా ఫోన్ రివ్యూ పూర్తి కాదన్నట్టు అయింది. ఎలక్ట్రిక్ గిటార్‌కి బెండ్ టెస్ట్ 24 గంటలూ నడుస్తూనే ఉంటుంది. మామూలుగా వచ్చే 9-42 సెట్ తీగలు, 25.5 అంగుళాల స్కేల్, స్టాండర్డ్ ట్యూనింగ్ అనుకుంటే ఆరు తీగలూ కలిసి నెక్‌ని సుమారు 38 కిలోల బలంతో లాగుతుంటాయి. ఆ లాగుడుకి ఎదురు నిలవడానికే నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ పెడతారు. దాన్ని బిగిస్తూ, వదులు చేస్తూ నెక్ వంపుని మనం సరిచేసుకోవాలి. అంటే గిటార్ డిజైనే అడ్జస్ట్ చేసుకోమని చెబుతోంది. బాక్స్‌లోంచి తీసిన నిమిషంలో అది ఎలా మోగిందన్నదాన్ని బట్టి బిల్డ్‌కి మార్కులేయడం, ఫోన్ బ్రైట్‌నెస్ తక్కువ పెట్టి ఉంటే డిస్‌ప్లే చెత్త అన్నట్టే.

బొబ్బిలి వీణ నుంచి ఒక పాఠం

ఇది అర్థం కావడానికి అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. మా జిల్లాలోనే బొబ్బిలి ఉంది. ఆ పక్కన గొల్లపల్లిలో పనస కర్రతో వీణలు చేస్తారు. ఒకే దుంగని తొలిచి చేసే వీణకి ఆ ఊరు పేరు. దానికి జీఐ గుర్తింపు కూడా ఉంది. వీణకి 24 మెట్లు. వాటిని కర్రలో దిగ్గొట్టరు, దండి మీద మైనపు ముద్దలో నిలబెడతారు. చెవితో స్వరం వింటూ ఒక్కో మెట్టుని ముందుకో వెనక్కో జరిపి సరైన చోట కూర్చోబెడతారు. కొన్నేళ్లకి మైనం పాడై మెట్లు కదిలితే, తెలిసినవాళ్లు మళ్లీ మైనం పోసి మళ్లీ మెట్లు కడతారు. వీణలో మెట్టు అనేది సరిచేసుకోగలిగే భాగం.

గిటార్‌లో సరిగ్గా దీనికి రివర్స్. ఫ్రెట్ల కోసం ఫింగర్‌బోర్డ్‌లో గాడి కోసి, అందులో లోహపు తీగని దిగ్గొడతారు. గాడి తప్పు చోట పడితే ఆ గిటార్ జీవితాంతం అపశ్రుతే. సరిచేసుకునే పని మొత్తాన్ని అటు చివర ఉన్న బ్రిడ్జ్‌కి అప్పగించారు. అక్కడ ప్రతి తీగకీ ఒక సాడిల్, దానికి స్క్రూలు. వీణ కొనేటప్పుడు చూడాల్సింది కర్ర, తొలిచిన పనితనం. మెట్లు తర్వాతైనా కట్టించుకోవచ్చు. గిటార్ కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఫ్రెట్లు. వాయిద్యం ఏదైనా సూత్రం ఒకటే, కదపలేని భాగం ఏదో కనుక్కుని దాన్ని పరీక్షించాలి.

మార్కులు తీసేయకూడని సమస్యలు

ముందుగా సెటప్ సమస్యల సంగతి. వీటికోసం స్పెషల్ టూల్స్ అక్కర్లేదు. రెండు మూడు ఏటీఎం కార్డులు, ట్యూనర్ యాప్ ఉన్న ఫోన్, గిటార్‌తో వచ్చే అలెన్ కీలు చాలు. ఏటీఎం కార్డ్ మందం ప్రపంచమంతా ఒకటే, 0.76 మిల్లీమీటర్లు. అంతకంటే చవకైన కొలబద్ద దొరకదు.

యాక్షన్, అంటే తీగ ఎత్తు. 12వ ఫ్రెట్ మీద రెండు కార్డులు పేర్చి పెట్టండి, అంటే 1.5 మిల్లీమీటర్లు. తీగ వాటికి పైన ఉండి, మూడో కార్డు పెట్టగానే తగులుతుంటే కొత్తవాళ్లకి సరిగ్గా సరిపోయే ఎత్తు. నాలుగు కార్డులు వదులుగా పట్టేస్తే తీగలు బాగా ఎత్తున్నట్టే. సాడిల్ స్క్రూలు తిప్పి దించుకోవచ్చు.

నెక్ రిలీఫ్, అంటే నెక్ వంపు. లావు తీగని ఒక చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, రెండో చేత్తో చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టండి. 8వ ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల సందు కనిపించాలి. మందపాటి విజిటింగ్ కార్డ్ పట్టేంత అన్నమాట. ఎక్కువైతే ట్రస్ రాడ్ కొంచెం బిగించాలి, అసలు సందే లేకపోతే కొంచెం వదులు చేయాలి. ఒకసారికి పావు చుట్టు మించొద్దు.

ఇంటోనేషన్. 12వ ఫ్రెట్ మీద తీగని తేలిగ్గా తాకి హార్మోనిక్ మోగించండి, తర్వాత అదే ఫ్రెట్ నొక్కి మోగించండి. ట్యూనర్‌లో రెండూ ఒకేచోట చూపించాలి. నొక్కినప్పుడు శృతి పెరిగితే సాడిల్‌ని నెక్‌కి దూరంగా జరపాలి, తగ్గితే దగ్గరికి జరపాలి.

పికప్ ఎత్తు కూడా రెండు స్క్రూల పనే. ఇవన్నీ సరిగ్గా లేని గిటార్ వస్తే చిరాకే, నాకూ చిరాకే. కానీ వీటికి బిల్డ్ స్కోర్‌లో మార్కులు తీసేస్తే మంచి గిటార్‌ని వెనక్కి పంపించినవాళ్లమవుతాం.

వెనక్కి పంపించాల్సిన సమస్యలు

ఇప్పుడు అసలు పరీక్ష. మొదట ఫ్రెట్లు. పాత, ఎక్స్‌పైర్ అయిన కార్డ్ ఒకటి తీసుకోండి. దాని అంచుని తీగల మధ్యలోంచి దించి సరిగ్గా మూడు ఫ్రెట్ల మీద ఆనించండి. అటూ ఇటూ నొక్కితే కార్డ్ తూగుటుయ్యాలలా ఊగితే మధ్య ఫ్రెట్ లేచి ఉన్నట్టు. మొదటి ఫ్రెట్ల దగ్గర పొడుగు అంచు, మధ్యలో పొట్టి అంచు వాడండి. పై ఫ్రెట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి అక్కడికి కార్డుని అంచు 3 సెంటీమీటర్లు ఉండేలా కత్తిరించుకోవాలి. మొదటి ఫ్రెట్ నుంచి చివరి దాకా, నెక్‌కి రెండు పక్కలా ఇలా చూడండి. ఒక ఫ్రెట్ కొంచెం ఊగితే సర్దుకోవచ్చు. మూడు నాలుగు చోట్ల ఊగితే ఆలోచించకుండా రిటర్న్ పెట్టండి. ఫ్రెట్లు లెవెల్ చేయడం చేయి తిరిగినవాళ్ల పని. ఈ రేంజ్ గిటార్‌కి ఆ ఖర్చు గిట్టుబాటు కాదు.

ఫ్రెట్లకి ఇంకో పరీక్ష బెండ్. 12వ ఫ్రెట్‌కి పైన సన్న తీగల్ని ఒక స్వరం పెరిగేదాకా పక్కకి తొయ్యండి. మధ్యలో మోత ఠక్కున ఆగిపోతే యాక్షన్ కొంచెం పెంచి మళ్లీ చూడండి. అప్పటికీ ఆగుతుంటే ముందున్న ఫ్రెట్ ఎక్కడో ఎత్తుగా ఉంది. మనవాళ్లకి ఇది మరీ ముఖ్యం. సినిమా పాటైనా, కీర్తనైనా గిటార్ మీద గమకం పలకాలంటే తీగ లాగాల్సిందే. పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ యు. శ్రీనివాస్ ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం మొత్తం పలికించారు. ఫ్రెట్లున్న ఎలక్ట్రిక్ వాయిద్యం మన సంగీతానికి పనికిరాదన్న మాట ఆయన తర్వాత ఎవరూ అనలేరు. అయితే ఆ దారిలో ఒక్క అడుగు వేయాలన్నా ఫ్రెట్లు తీగని ఆపకూడదు.

తర్వాత నెక్. హెడ్‌స్టాక్ వైపు నుంచి ఒక కన్ను మూసి బాడీ వైపు చూడండి. ఒక పక్క ఎత్తుగా, ఇంకో పక్క పల్లంగా మెలితిరిగి కనిపిస్తే దానికి ట్రస్ రాడ్ కూడా ఏమీ చేయలేదు. రెండు చివరి తీగలూ ఫింగర్‌బోర్డ్ అంచులకి సమాన దూరంలో ఉన్నాయో లేదో కూడా గమనించండి. స్క్రూలతో బిగించే బోల్ట్-ఆన్ నెక్ అయితే చిన్న తేడాని తీగలు వదులు చేసి, స్క్రూలు కొంచెం సడలించి సర్దవచ్చు. సన్న తీగ అంచు మీంచి జారిపోతుంటే, సర్దినా మారకపోతే పంపించేయండి.

ట్రస్ రాడ్ పనిచేస్తోందో లేదో కూడా మొదటి రోజే చూడాలి. పావు చుట్టు తిప్పితే రిలీఫ్ మారాలి. కీ తిరగకపోయినా, తిరిగినా నెక్‌లో ఏ మార్పూ రాకపోయినా బలవంతం చేయొద్దు. అది మీ తలనొప్పి కాదు, అమ్మినవాళ్లది.

బ్రిడ్జ్ విషయంలో ఒక్కటే. ఇంటోనేషన్ సరిచేస్తుంటే సాడిల్ చివరిదాకా వెళ్లిపోయి, ఇంకా శృతి కుదరలేదంటే బ్రిడ్జ్‌ని తప్పు చోట బిగించారు. స్క్రూకి ఇంక దారి లేదు.

నట్, ట్యూనర్లు, జాక్ మాత్రం మధ్యలో ఉంటాయి. ట్యూన్ చేస్తున్నప్పుడు టింగ్‌మని చప్పుడొస్తే నట్ గాడిలో తీగ ఇరుక్కుంటోంది. ట్యూనర్ తిప్పితే ముందు కాస్త ఖాళీగా తిరిగి తర్వాత పట్టుకుంటే గేర్ వదులు. ఈ భాగాలు మార్చుకోవచ్చు కాబట్టి సగం మార్కులే తీస్తాను. ఒక జాగ్రత్త, కొత్త తీగలు సాగుతాయి. మొదటి రోజు శృతి దిగిపోతోందని ట్యూనర్లని తిట్టకండి.

సముద్రం పక్కన ఇంకో లెక్క

బెంగళూరు ఏసీ స్టూడియోలో చేసిన రివ్యూ మా దగ్గర సగమే పనికొస్తుంది. భోగాపురం బంగాళాఖాతం ఒడ్డు మండలం. ఎయిర్‌పోర్ట్ వల్ల ఇప్పుడు అందరికీ ఊరి పేరు తెలిసింది కానీ ఉప్పు గాలి ఎప్పటినుంచో ఉంది. గ్రిల్స్, సైకిల్ చైన్లు ఏమవుతాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. గిటార్‌కీ అదే.

తీగలు తుప్పు పట్టడం పెద్ద విషయం కాదు, అవి ఎలాగూ మార్చేవే. ఫ్రెట్లని సాధారణంగా నికెల్ సిల్వర్‌తో చేస్తారు. పేరులో సిల్వర్ ఉన్నా వెండి ఉండదు, రాగి, నికెల్, జింక్ మిశ్రమం. అది ఇనుములా తుప్పు పట్టదు, నల్లబడితే రుద్దుకోవచ్చు. నా భయం సాడిల్ స్క్రూల గురించి. చవక స్క్రూ తుప్పు పట్టి బిగుసుకుపోతే, కీ పెట్టి తిప్పితే తల అరిగిపోతుంది. అప్పటిదాకా సెటప్ సమస్య అనుకున్నది ఆ రోజు నుంచి బిల్డ్ లోపం అవుతుంది. తీగ ఎత్తు ఇంక దిగదు. అందుకే కోస్తాలో ఉండేవాళ్లకి స్క్రూ క్వాలిటీయే బిల్డ్ క్వాలిటీ. కొత్త గిటార్‌లో ప్రతి సాడిల్ స్క్రూనీ అటూ ఇటూ కొంచెం తిప్పి చూడండి. బాక్స్‌లోంచి తీసినప్పుడే ఎక్కడైనా ఎర్రటి చుక్క కనిపిస్తే మూడు నెలల తర్వాత ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. బాగున్న గిటార్‌కైనా వాయించాక పొడిబట్టతో తుడవడం, స్క్రూల మీద అప్పుడప్పుడు ఒక చుక్క మెషీన్ ఆయిల్, బ్యాగ్‌లో సిలికా జెల్ ప్యాకెట్లు తప్పనిసరి.

కర్ర సంగతి కూడా ఉంది. గాలిలో తేమ పెరిగితే కర్ర ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. లోహం అలా మారదు. ఇక్కడ కొన్న గిటార్‌ని చదువు కోసం హైదరాబాద్ హాస్టల్‌కి పట్టుకెళ్లారనుకోండి. వేసవి పొడి గాలికి ఫింగర్‌బోర్డ్ ముడుచుకుని ఫ్రెట్ చివరలు బయటికి పొడుచుకొస్తాయి. నెక్ పక్కన అరచేయి జరిపితే గీరుకుంటాయి. ఫ్రెట్ చివరలు మొదటి రోజే గరుకుగా ఉన్న గిటార్ అక్కడికెళ్తే ఇంకా ఇబ్బంది పెడుతుంది.

"పది వేలకి ఇంకేం వస్తుంది?"

ఈ మాట చాలామంది అంటారు. పూర్తిగా కొట్టిపారేయలేను. బాడీని, నెక్‌ని ఇప్పుడు సీఎన్‌సీ మెషీన్లు కోస్తాయి, అందుకే చవక గిటార్ల ఆకారం, కొలతలు చాలా మెరుగయ్యాయి. ఫ్రెట్లు సమం చేసి, అంచులు గుండ్రంగా రుద్ది, పాలిష్ చేయాలంటే మాత్రం మనిషి టైమ్ కావాలి. రేటు తగ్గించాలంటే మొదట తగ్గేది అక్కడే. మెరిసే పెయింట్ మాత్రం తగ్గదు, ఎందుకంటే ఫొటోలో కనిపించేది అదే.

సరిగ్గా ఇందుకే మనం ఫ్రెట్లు చూడాలంటున్నాను. పది వేలకి అన్నీ రావు, నిజమే. అయితే ఏది వదులుకోవాలో మనమే ఎంచుకోవచ్చు. పికప్‌లు మామూలువైనా పర్లేదు, తర్వాత మార్చుకోవచ్చు. కర్ర పేరు మహోగనీయా, పాప్లరా అన్నది సాలిడ్ బాడీ గిటార్‌లో ఈ రేంజ్‌లో నాకు పట్టదు. హెడ్‌స్టాక్ మీద పేరు కూడా అన్నీ చెప్పదు. ఇండొనేషియాలోని కోర్ట్ ఫ్యాక్టరీ సొంత గిటార్లతో పాటు వేరే పెద్ద బ్రాండ్ల గిటార్లూ చేస్తుంది. ఒకే మోడల్‌లో రెండు పీసుల మధ్య కూడా ఫ్రెట్ పనిలో తేడా ఉండొచ్చు. కాబట్టి రివ్యూలో వచ్చిన గిటార్‌ని కాదు, మీ ఇంటికొచ్చిన గిటార్‌ని పరీక్షించాలి.

"కొత్తవాళ్లకి సెటప్ ఏం తెలుస్తుంది, అది కంపెనీ చేసి పంపాలి కదా" అనే వాదన కూడా న్యాయమే. మాకైతే సెటప్ చేయించుకోవాలంటే విశాఖ వెళ్లాలి, రానూపోనూ సగం రోజు. ఆ ఖర్చుని గిటార్ రేటులో కలిపి చెప్పండి, అది నిజాయితీ. బిల్డ్ స్కోర్‌లో కలిపేస్తే మాత్రం చదివేవాళ్లకి రెండిటి మధ్య తేడా ఎప్పటికీ తెలియదు.

నేనైతే పది మార్కులు ఇలా పంచుతాను. ఫ్రెట్లకి 4, నెక్, ట్రస్ రాడ్‌లకి 3, బ్రిడ్జ్, స్క్రూలకి 2, జాక్, నాబ్స్, వైరింగ్‌కి 1. ఫినిష్‌కి సున్నా. రివ్యూ చేసేవాళ్లు మూడు నెలల తర్వాత అదే గిటార్‌ని మళ్లీ చూపించి, సాడిల్ స్క్రూలు ఇంకా తిరుగుతున్నాయో లేదో చెప్పాలి. ఫోన్లకి లాంగ్ టర్మ్ రివ్యూ అడిగే మనం గిటార్‌కి ఎందుకు అడగం?

రివ్యూలు మారేదాకా పని మీదే. గిటార్ వచ్చిన సాయంత్రమే, ఆంప్‌కి ప్లగ్ చేయకముందే, కార్డులు తీసి కూర్చోండి. ఫ్రెట్లు, నెక్, ట్రస్ రాడ్, బ్రిడ్జ్, అరగంట పని. కార్డ్ ఊగిన చోటల్లా వీడియో తీసి పెట్టుకోండి, రిటర్న్ దగ్గర మాటల కంటే అదే పనికొస్తుంది. ఈ నాలుగూ పాసైతే తీగలు ఎత్తుగా ఉన్నాయని కంగారు పడొద్దు. అలెన్ కీ బాక్స్‌లోనే ఉంటుంది.